రచ్చకట్ట మీద సాయంత్రం బడి: ఏడాది డైరీ

2024 ఏప్రిల్ 24

పదో తరగతి ఫలితాలు మొన్న 22న వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం పాసైతే, మా కర్నూలు జిల్లా 62.47తో అన్ని జిల్లాలకంటే కింద ఉంది. అందరికంటే పైన పార్వతీపురం మన్యం, 96.37. ఈ రెండు అంకెలూ రెండు రోజులుగా మా ఊరి రచ్చకట్ట మీద నలుగుతున్నాయి. మాది ఆదోనికి అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉండే పల్లె. మెట్ట సేద్యం. పత్తి తీసేశాక సగం ఊరు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. దాన్ని మేము సుగ్గి అంటాం.

"కొండల్లో ఉండే పిల్లలకు వచ్చింది, మన పిల్లలకు ఎందుకు రాదు?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఒకరు సార్లను తిట్టారు, ఒకరు సెల్‌ఫోన్‌ను తిట్టారు, ఇంకొకరు ఇంగ్లీషు మీడియం వల్లే అన్నారు. నాకు విత్తనాల అంగడి ఉంది, నేను కూడా ఇదే ప్రభుత్వ బడిలో చదివినవాడిని. చివరికి అందరం కలిసి ఒకటి అనుకున్నాం: వచ్చే ఏడాది పదికి వచ్చే పిల్లలకు సాయంత్రం ట్యూషన్ పెట్టాలి. లెక్కలకు నేను, సైన్సుకు డిగ్రీ చదివే మా చిన్నాయన కూతురు, తెలుగుకు రిటైరైన అయ్యవారు. ఆయన దగ్గరే నేను అఆలు దిద్దాను.

మే 20

ఎన్నికల హడావుడి అయిపోయాక ట్యూషన్ మొదలుపెట్టాం. మొదటిరోజు 14 మంది వచ్చారు.

ఒక అబ్బాయి సైన్స్ నోట్సు తెచ్చాడు. రాత చూస్తే ముచ్చటేసింది. మార్జిన్ గీసి, ప్రశ్నలు ఎర్ర పెన్నుతో, జవాబులు నీలం పెన్నుతో రాసుకున్నాడు. ఒక్క కొట్టివేత లేదు. "ఈ ప్రశ్న చదువు నాయనా" అన్నాను. తల వంచుకున్నాడు. నేను ఆగాను. మళ్ళీ అడిగాను. పుస్తకంలో రెండు పేజీలు ఉంటాయి, ఒకవైపు తెలుగు, ఎదురుగా ఇంగ్లీషు. ఇంగ్లీషు రాక ఆగాడేమో అనుకుని తెలుగు పేజీ చూపించాను. చాలాసేపటికి మెల్లగా అన్నాడు, "అన్నా, రాసేది వస్తాది. చదివేది రాదు."

అంటే వాడు తొమ్మిదేళ్లుగా అక్షరాల బొమ్మలు గీస్తున్నాడు. గైడులో ఉన్నది ఉన్నట్టు నోట్సులోకి ఎక్కిస్తున్నాడు. ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే నోట్సు పూర్తిగా ఉంది.

ఆ 14 మందిలో అలాంటివాళ్లు ఇంకా నలుగురు తేలారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదో తరగతిలో ఫెయిలయ్యారని ఊరంతా బాధపడుతోంది గానీ, ఈ పిల్లలు ఫెయిలైంది రెండో తరగతిలో. అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పే పరీక్ష కూడా లేదు.

జూన్ 9

బడులు తెరిచేలోపు ఇంటింటికీ తిరిగి చూద్దామనుకున్నాం. దేశమంతా పల్లెల్లో 2005 నుంచి చేసే అసర్ సర్వే ఒకటి ఉంది. అందులో వాడే చదువు పరీక్ష చాలా చిన్నది. ఒకే కాగితం. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవమంటారు, ఎక్కడ ఆగితే అదే స్థాయి. మేమూ అదే పద్ధతిలో మా ఊరి మాటలతో ఒక కాగితం తయారుచేసుకున్నాం. కథ అయ్యవారు రాశారు, తప్పిపోయిన మేకపిల్ల గురించి.

3 నుంచి 8 వరకు చదివే 64 మందిని చూశాం. కథ చదివినవాళ్లు 12 మంది. పేరా దగ్గర ఆగినవాళ్లు 11. పదాల దగ్గర 15. అక్షరాలు వచ్చి పదాలు రానివాళ్లు 17. అక్షరాలు కూడా సగమే వచ్చేవాళ్లు 9. ఈ 9 మందిలో ఇద్దరు ఏడో తరగతి పిల్లలు.

ఒకటి గమనించాను. ఈ ఏడాది ఆరో తరగతికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది పదాల దగ్గరే ఆగిపోయారు. లెక్కేసి చూస్తే, వీళ్లు ఒకటో తరగతి ముగించబోతుండగా, 2020 మార్చిలో కరోనాకు బళ్లు మూశారు. గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవాల్సిన రెండో తరగతి ఏడాదిలో ఎక్కువ నెలలు బడి మూసే ఉంది. ఫోన్‌లో పాఠాలన్నారు, మా ఊళ్లో ఆ ఫోన్లు ఎంతమందికి ఉన్నాయి? మూడో తరగతికి వచ్చేసరికి సార్లు మూడో తరగతి పాఠాలే మొదలుపెట్టారు. తర్వాత 2022లో 117 జీవో వచ్చాక చాలా చోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూలుకు మారాయి. మా పిల్లలూ నాలుగో తరగతిలో పెద్ద బడికి పోయి కూర్చున్నారు. దాటిపోయిన రెండో తరగతిని వెనక్కి వెళ్లి చెప్పే మనిషి మధ్యలో ఎక్కడా లేడు.

పిల్లలు మొద్దులని రచ్చకట్ట మీద అన్నవాళ్లకు ఈ కాగితం చూపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

పదో తరగతి ట్యూషన్ ఆపలేదు. కానీ మా బలమంతా ఇప్పుడు 3 నుంచి 8 వరకు చదివే పిల్లల మీద పెట్టాలని నిర్ణయించుకున్నాం. పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి కోపం వచ్చింది. అర్థం చేసుకోగలను.

జూలై 4

సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. రచ్చకట్ట మీద, వాన వస్తే రామాలయం మండపంలో. తరగతి ప్రకారం కూర్చోబెట్టలేదు, చదువు ఎక్కడ ఆగిందో దాని ప్రకారం కూర్చోబెట్టాం. నాలుగు గుంపులు. చెప్పేవాళ్లం ఐదుగురం: నేను, మా చెల్లెలు, అయ్యవారు, ఇంటర్ చదివే ఇద్దరు అబ్బాయిలు. కరెంటు పోతే వెలగడానికి రెండు చార్జింగ్ లైట్లు కొన్నాం.

అక్షరాల గుంపు నేను తీసుకున్నాను. ఈరోజు నాకు బాగా గుర్తుండిపోయే సంగతి జరిగింది. మూడో తరగతి పిల్ల ఒకతి, బొమ్మల చార్టులో పాల గ్లాసు కింద "పాలు" అని ఉంటే, వేలు పెట్టి గట్టిగా "హాలు" అని చదివింది. ఇంటర్ అబ్బాయి "తప్పు, ప, ప" అన్నాడు. ఆ పిల్ల బిక్కముఖం వేసింది. తర్వాత పులి బొమ్మ. "హులి" అంది. పండు బొమ్మ. "హణ్ణు" అంది.

వాళ్లింట్లో కన్నడం మాట్లాడతారు. పాలను హాలు అనే అంటారు. ఆ పిల్ల బొమ్మను చూసి ఇంట్లో నేర్చిన మాట సరిగ్గా చెప్పింది, మేము తప్పన్నాం. రెండేళ్లుగా బడిలోనూ ఇదే జరిగి ఉంటుంది. ప చూసి హ అంటే మార్కు పోతుంది, మార్కు ఎందుకు పోయిందో ఆ పిల్లకు తెలియదు.

అప్పటికప్పుడు సుద్దముక్కతో బండ మీద రెండు వరుసలు రాశాను. పాలు, హాలు. పులి, హులి. పండు, హణ్ణు. "ఇది బడి మాట, ఇది ఇంటి మాట. రెండూ కరెక్టే" అన్నాను. ఆ పిల్ల రెండు వరుసలూ చదివింది. పదినిమిషాల్లో ప, హ రెండూ వచ్చేశాయి. మా ఊళ్లో కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియనిది కాదు. బడి మొదటిరోజే ఆ మాట అడిగేవాళ్లు ఉంటే బాగుండేది.

జూలై 29

ఒత్తుల దగ్గర గుంపంతా ఆగిపోయింది. కారణం వెతికాం. క, గ, ద, ప లాంటి అక్షరాల ఒత్తు చూస్తే అసలు అక్షరం గుర్తొస్తుంది. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. పిల్లలు తడబడేది వీటి దగ్గరే. పుస్తకంలో ఇవన్నీ ఒకే పాఠంలో కలిసి వస్తాయి.

అయ్యవారు ఒక ఉపాయం చెప్పారు. అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల, గొర్రె. ఆరు ఒత్తులకు ఆరు మాటలు, ఇంట్లోనూ దొడ్లోనూ ఉండేవే. రోజుకొక్కటి. అట్టముక్క మీద రాసి పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపాం. గొర్రె అట్ట దొరికిన పిల్లవాడు దాన్ని నిజంగానే గొర్రె మెడకు కట్టాడట. వాడు మరునాడు ఒక్కసారి కూడా ఆగకుండా చదివాడు.

ఆగస్టు 18

తప్పు చేశాం, రాసుకోవాలి. గుంపులకు "అక్షరాల గుంపు, పదాల గుంపు" అని పేర్లు పెట్టుకున్నాం, పిల్లల ముందే అవే పేర్లతో పిలిచాం. ఎనిమిదో తరగతి అబ్బాయిలు ముగ్గురు రావడం మానేశారు. ఇంటికి పోయి అడిగితే ఒకడు, "మా చెల్లి మూడోది. దాని పక్కన అక్షరాల గుంపులో కూర్చోవాల్నా?" అన్నాడు. వాడి మాట నిజమే. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అంత మంది ముందు అది ఎంత అవమానమో మాకు తోచలేదు.

మా చెల్లెలు దారి చూపించింది. పెద్ద పిల్లలకు ఒక పని ఇచ్చింది. ఆదివారం పొద్దున అంగన్వాడీ పిల్లలకు కథ చదివి వినిపించాలి. వినిపించాలంటే ముందు వాళ్లకు రావాలి కదా. చిన్న కథలే, పెద్ద అక్షరాలు, పేజీకి రెండు వాక్యాలు. ఆ ముగ్గురూ వారమంతా ఒకే కథను మా అంగడి వెనక గోనెసంచుల మీద కూర్చుని చదువుకున్నారు. చిన్నపిల్లల కోసం అని చెప్పి చదువుతున్నారు కాబట్టి సిగ్గు లేదు. గుంపులకు పేర్లు తీసేసి చెట్ల పేర్లు పెట్టాం: వేప, చింత, కానుగ, తుమ్మ.

సెప్టెంబరు 22

లెక్కలు. 52 లోంచి 28 తీసేయమంటే గుంపులో ఎక్కువమంది 36 అని రాశారు. ఒక్కొక్కరిని అడిగితే అర్థమైంది. "ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఐదులోంచి రెండు పోతే మూడు." పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు, ఏది పైన ఉందో పట్టించుకోవడం లేదు. అరువు తెచ్చుకోవడం అనే మాట నోటికి వచ్చు, ఎవరి దగ్గర్నుంచి తెస్తున్నామో తెలియదు.

చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి ఇచ్చాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "నాకు 28 ఇవ్వు." రెండు కట్టలు ఇచ్చింది ఒక పిల్ల. ఇంకా ఎనిమిది పుల్లలు కావాలి, చేతిలో రెండే ఉన్నాయి. నా మొహం వైపు చూసింది. నేనేమీ చెప్పలేదు. అర నిమిషం అలాగే ఉండి, ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తీసేసింది. పుల్లలు నేల మీద పడ్డాయి. అప్పుడు ఆ పిల్ల మొహంలో వచ్చిన మార్పు కోసమే నేను రోజూ అంగడి గంట ముందు మూస్తున్నాను.

24 అని చెప్పింది. తర్వాత కాగితం మీద కూడా చేసింది.

డిసెంబరు 7

ఈరోజు రాష్ట్రమంతా బళ్లలో తల్లిదండ్రులు, టీచర్ల మెగా సమావేశం జరిగింది. మా బడిలోనూ. నేను ఎప్పుడూ చూడనంత మంది తల్లులు వచ్చారు. ముగ్గులు, తాడులాగుడు పోటీ, మధ్యాహ్నం భోజనం అందరికీ. మంచి రోజు.

హెడ్మాస్టర్ గారు మాట్లాడాక మైకు నాకిచ్చారు. ఎవరి తప్పు అన్నది మాట్లాడదల్చుకోలేదు. జూన్‌లో చూసిన కాగితం, నవంబరులో చూసిన కాగితం పక్కపక్కన పెట్టి చదివాను. తర్వాత ఒక సారు నా దగ్గరికి వచ్చి, "మాకూ తెలుసు. మూడో తరగతిలో మూడు రకాల పిల్లలున్నారు. సిలబస్ ఈ నెలకు ఇంత అని వస్తుంది. మధ్యలో గుడ్ల లెక్క లాంటివన్నీ యాప్‌లో ఎక్కించాలి. చదవడం రానివాళ్లను విడిగా కూర్చోబెట్టే గంట మాకు ఎక్కడా దొరకదు" అన్నారు. ఆ మాట నేను నమ్ముతాను. ఆయన పొద్దున ప్రార్థనకు ముందు అరగంట పదాల గుంపుకు ఇస్తానన్నారు. జీతం కోసం కాదు, ఎవరూ అడగలేదు. ఏడాదిలో మాకు వచ్చిన పెద్ద సాయం అదే.

డిసెంబరు 29

పత్తి అయిపోయింది. సుగ్గి మొదలైంది.

రాత్రి రెండు గంటలకు బొలేరోలు వచ్చాయి. బియ్యం మూటలు, వంట గిన్నెలు, టార్పాలిన్లు, కోళ్ల గంపలు ఎక్కించారు. వాటి మధ్యలో పిల్లలు, నిద్రకళ్లతో. మాలో 19 మంది పిల్లల ఇళ్లు పోతున్నాయి. పాలు, హాలు చదివిన పిల్ల కూడా. వాళ్లమ్మను అడిగాను, "ఈ ఒక్క ఏడు వదిలిపెట్టి పో అక్కా." ఆమె నన్ను చూసి, "చిన్నోన్ని ఎవరు చూసుకుంటారు, అన్నా? నేను కోతకు పోతే వీడు గట్టు మీద ఒక్కడే ఉండాల్నా?" అంది. తమ్ముడికి ఏడాదిన్నర.

వలస పోయేవాళ్ల పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు. మేము అక్టోబరులోనే అర్జీ పెట్టాం. మంజూరు రాలేదు, సుగ్గి ఆగదు. అందుకని వారం ముందే మేమే ఒక ఏర్పాటు చేశాం. ఇద్దరు అవ్వలు తమ ఇళ్లలో పిల్లలను ఉంచుకుంటామన్నారు. తల్లిదండ్రులు బియ్యం ఇచ్చి పోయారు, కూరగాయలకు రచ్చకట్ట మీద చందా వేసుకున్నాం. మధ్యాహ్నం బడి భోజనం ఎలాగూ ఉంది. 19 మందిలో 11 మంది ఆగారు. ఎనిమిది మంది పోయారు.

పోయిన ఎనిమిది మందికీ ఒక్కో సంచి ఇచ్చాం. అట్టముక్కలు, ఒక కథల పుస్తకం, నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు. రోజూ ఒక్క పేజీ చదివి వాట్సాప్‌లో వాయిస్ పెట్టమన్నాం.

2025 జనవరి 30

అసర్ 2024 రిపోర్టు మొన్న 28న విడుదలైంది. మా ఊరి కాగితం చూసుకున్నాక ఇలాంటి రిపోర్టు చదవడం వేరేగా ఉంటుంది. అంకెల వెనక ఎవరు ఉన్నారో కనిపిస్తారు.

ఎనిమిది మందిలో ఐదుగురి వాయిస్‌లు వారంలోనే ఆగిపోయాయి. చార్జింగ్ పెట్టడానికి చోటు లేదు, ఫోను నాన్న దగ్గర ఉంటుంది, నాన్న తోటలో ఉంటాడు. ముందే ఊహించాల్సింది. ఇద్దరు వారానికి ఒకసారి పంపుతున్నారు.

హాలు పిల్ల రోజూ పంపుతోంది. నిన్న వచ్చిన వాయిస్ నాలుగుసార్లు విన్నాను. కుక్కలు అరుస్తున్నాయి, ఎవరో పెద్దగా కేకలేస్తున్నారు. "మేక... పిల్ల... చెరు... వు గట్టు..." అని చదువుతూ మధ్యలో దగ్గుతుంది. మిరపకాయల ఘాటు. ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ అదే మాట దగ్గర మొదలుపెడుతుంది. వెనక తమ్ముడు ఏడుస్తున్నాడు. పేజీ అయిపోయాక "అయిపోయింది అన్నా" అని ఆపేసింది.

మార్చి 16

రేపటి నుంచి పది పరీక్షలు. చదవడం రాని ఆ ఐదుగురిలో నలుగురు ఇప్పుడు ప్రశ్న చదివి అర్థం చేసుకోగలరు. మెల్లగానే చదువుతారు, కానీ చదువుతారు. ముచ్చటైన రాత ఉన్న అబ్బాయి ఈరోజు సాయంత్రం వచ్చి, హాల్ టికెట్ వెనక ఉన్న సూచనలన్నీ నాకు చదివి వినిపించాడు. ఐదోవాడు జనవరిలో సుగ్గికి పోయాడు, పరీక్షకు తిరిగి రాలేదు. వాళ్ల నాన్నకు నాలుగుసార్లు ఫోన్ చేశాను.

ఏప్రిల్ 6

ఉగాదికి ఊరంతా తిరిగొచ్చింది. పండగ అయ్యాక వారం తీసుకుని అందరినీ మళ్ళీ చూశాం. 64లో ఐదుగురు ఊరు వదిలి పోయారు. మిగిలిన 59 మందిలో కథ చదివేవాళ్లు 24, పేరా 15, పదాలు 12, అక్షరాల దగ్గర 6, అవీ సరిగా రానివాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరికి వినికిడి సమస్య ఉందేమోనని మా చెల్లెలు అనుమానపడింది. సోమవారం ఆదోని పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నాం. తొమ్మిది నెలలు ఆ పిల్లవాడిని మా ముందు కూర్చోబెట్టుకుని ఆ ఆలోచన రాకపోవడం నన్ను బాధిస్తోంది.

సీజనల్ హాస్టల్ కోసం ఈసారి జూలైలోనే అర్జీ పెట్టాలి. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలను పగలు చూసుకునే మనిషి దొరికితే తప్ప వాళ్ల అక్కలు ఊళ్లో ఆగరు, కాబట్టి ఆ మాట అంగన్వాడీ టీచరుతో ఇప్పుడే మొదలుపెట్టాం. పేర్ల జాబితా రాసుకున్నాను. ఏడుగురు ఆడపిల్లలు, ఏడుగురికీ చంకలో ఒక తమ్ముడో చెల్లెలో ఉన్నారు.

హాలు పిల్లను చివర్లో చూశాను. చేతులు ఇంకా ఎర్రగా ఉన్నాయి, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయింది. తమ్ముడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరా ఇచ్చాను. కొత్త పేరా, ముందెప్పుడూ చూడనిది. నాలుగు వాక్యాలూ చదివింది. మూడో వాక్యంలో "వర్షం" దగ్గర ఆగింది. వ అంది, ర అంది. ర కింద ఉన్న ష ఒత్తును చూస్తూ ఉండిపోయింది. నాకు చెప్పాలనిపించింది, ఆగాను. తమ్ముడు కాగితం లాగబోతే పక్కకు తీసుకుని, మళ్ళీ వాక్యం మొదటినుంచి చదివింది. "పొద్దున పెద్ద వ... ర్షం. వర్షం పడింది."

తర్వాత నన్ను అడిగింది, "అన్నా, కథ ఇయ్యవా?"